నేల మీద పడే దెబ్బ

"ఆ చేప నాకొద్దని చెప్తన్నానా లేదా?" అంది యాబా ముసలమ్మ, కొడుకు మొహం వైపు చూడకుండానే.

"నెల్లాళ్ళ నుంచీ ఇదే గోల నీతో. ఉప్పు తగలకుండా అరటికాయ ముద్ద ఎట్టా దిగుతదే అమ్మా?" కోబినా ఆకులో చేపముక్క పెట్టుకుని ఆమె ముందు నిలబడే ఉన్నాడు.

"దిగకపోతే నీళ్ళు తాగుతా. నా వంతు ముక్క మొన్ననే అయిపోయింది. ఇది నీ కొరడాకిచ్చిన చేప. దానికే పెట్టు. పాపం, కష్టపడేది అదే గదా."

మింబా పొయ్యి ముందు నుంచి లేవలేదు. తల్లీకొడుకుల మధ్య మాట వేస్తే ఇద్దరూ తన మీదికే వస్తారని ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమెకు బాగా తెలిసింది. కూతురు రోసెట్టాకి మాత్రం ఆ భయం లేదు. గోడకి చేరగిలబడి కాళ్ళు చాపుకున్నదల్లా చెయ్యి చాచింది.

"ఇటియ్యి నాన్నా. నా కడుపులోవాడికి చేప ఏదో కొరడా ఏదో ఇంకా తెలీదు."

"తెలుస్తదిలే" అంది ముసలమ్మ.

రెస్ట్‌వెల్ చెరకు తోటలో పొలం మనిషికి వారానికి ఒక అరటిగెల, అరచెయ్యంత ఎండిన ఉప్పుచేప ఇచ్చేవారు. మేస్త్రికి చేప రెండు వంతులు, ఏడాదికి చొక్కా ఒకటి ఎక్కువ. మేస్త్రి కూడా బానిసే. కాకపోతే చెరకు నరికే గుంపు వెనక కొరడా పట్టుకుని నడుస్తాడు. తెల్లారకముందే శంఖం ఊది అందరినీ లేపుతాడు. డెమెరారా అనే ఆ వలస తీరం పొడుగునా సముద్రపు కట్ట వెనక వరసగా ఉన్న తోటలన్నిటిలోనూ ఇదే పద్ధతి. మనిషిని మనిషి చేతే కొట్టించేవారు.

పోయిన నెలలో డెలియా అనే ఆవిడ చెరకు మోపుతో రెండుసార్లు కూలబడింది. తోట నడిపే హార్లో దొర ఆమెను నేలకి కట్టించి కొట్టించాడు. కొట్టింది కోబినా. వీపు చీము పట్టి, జ్వరంతో కాలి కాలి డెలియా పోయింది. ఆమె, యాబా ముసలమ్మ ఒకే బానిసల ఓడలో వచ్చినవాళ్ళు. పాతిపెట్టి వచ్చిన సాయంత్రం నుంచీ ముసలమ్మ ఆ రెండో వంతు ముట్టడం మానేసింది.

"ఆ రోజు దొర నా పక్కనే నుంచున్నాడు" అన్నాడు కోబినా, ఎన్నోసారో. "నన్నేం చెయ్యమంటావు?"

"నేనేం చెయ్యమన్లేదే. చేప తిననన్నాను, అంతే గదా."

కోబినా చేప కూతురి ఆకులో పడేసి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. మింబాకి ఒక్క క్షణం అతని మీద జాలి వేసింది. గుంపులో అందరికీ తెలిసిన రహస్యం ఒకటుంది. కోబినా కొరడా సగం దెబ్బలు నేల మీద వేస్తుంది. పక్కన మట్టిలో పడి తుపాకి పేలినట్టు మోగుతుంది. దొరకి ఆ మోత చాలు. ఒంటి మీద పడ్డ దెబ్బ అంత మోగదు, మందంగా వినిపిస్తుంది. అతని కింద పడుకున్నవాళ్ళు ఎప్పుడు అరవాలో, ఎంత గట్టిగా అరవాలో నేర్చుకున్నారు. నేల మీద పడ్డదానికే ఎక్కువ అరవాలి. ఇంకొకడు మేస్త్రి అయితే ఈపాటికి సగం గుంపు మట్టిలో ఉండేదని కోబినా నమ్మకం. మింబా కూడా చాలాకాలం అదే నమ్మింది. డెలియా వీపు కడిగిన దగ్గర్నుంచి ఆ నమ్మకం గురించి ఆలోచించడం మానేసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం దొర పడుకున్నాక మింబా చెల్లెలు జూబా వచ్చింది. దొర ఇంట్లో భోజనాల బల్ల దగ్గర విసనకర్రతో నుంచోవడం ఆమె పని. వచ్చీ రాగానే అరుగు మీద బావగారిని చూసి నవ్వింది.

"బావా, నీ కొరడా ఎక్కడ?"

"గోడకుంది. నీకెందుకు?"

"కాస్త ముద్దు పెట్టుకో. ఎక్కువ రోజులు బతకదు."

ఆమె లోపలికి వచ్చి తలుపు చేరేసి చెప్పింది. నిన్న మధ్యాహ్నం భోజనానికి చుట్టుపక్కల తోటల దొరలు ముగ్గురు వచ్చారు. సముద్రం అవతల దొరల దేశపు రాజుగారు కొత్త ఆజ్ఞ పంపించాడట. ఇకమీదట ఆడవాళ్ళ ఒంటి మీద కొరడా పడకూడదు. పొలంలోకి కొరడా అసలు తీసుకుపోకూడదు. ఆ మాట చదివి వినిపిస్తుంటే ఒక దొర ఎంత విసురుగా లేచాడంటే కుర్చీ వెనక్కి పడిపోయింది.

"మరి మన దొరేమన్నాడు?" అంది మింబా.

"పంట పూర్తయ్యేదాకా ఎవరూ నోరెత్తద్దన్నాడు. నేనక్కడే ఉన్నానక్కా. నాకూ చెవులుంటాయని వాళ్ళకెప్పుడూ తట్టదు."

"బట్టలుతికే కాలవ దగ్గర ఇంకోలా చెప్తన్నారు" అంది రోసెట్టా. "పక్క తోటవాళ్ళయితే వారానికి మూడు రోజులు మనవేనంట. నది అవతలవాళ్ళు రాజు మనల్ని పూర్తిగా వదిలేశాడంటన్నారు. దొరలు దాచిపెట్టారంట."

కోబినా గుమ్మంలోకి వచ్చాడు. "ఎవడికి తోచినన్ని నీళ్ళు వాడు పోసి పులుసు పెంచుతున్నాడు. జూబా, ఈ మాట ఇల్లు దాటిందంటే దొర నీ నాలుక కోయిస్తాడు."

"నేను విన్నదే చెప్పాను బావా. వదిలేశాడని నేను వినలేదు. కొరడా ఒద్దన్నాడు. అది మాత్రం విన్నాను."

"అయితే ఆ రాజు కూడా చేప తినడన్నమాట" అంది యాబా ముసలమ్మ. అందరూ నవ్వారు. కోబినాకి కూడా నవ్వు ఆగలేదు.

మింబా నవ్వలేదు. రోసెట్టాకి అయిదో నెల. కడుపు చేసినవాడిని వానలకి ముందు ఎగువ తోటకి అమ్మేశారు. పిల్ల ఇంకా పెద్ద గుంపులోనే ఉంది, నరికిన చెరకు మోపు నెత్తిన పెట్టుకుని కాలవలో పడవ దాకా మోస్తోంది. కలుపు గుంపుకి మార్చమని కోబినా దొరని రెండుసార్లు అడిగాడు. ఏడో నెల వచ్చాక చూద్దామన్నాడు దొర. మింబా తన కడుపున పడ్డ ఇద్దరిని ఆ మోపుల కిందే పోగొట్టుకుంది. రాజు వదిలేశాడా, మూడు రోజులిచ్చాడా అన్నది ఆమెకి పట్టలేదు. ఆడవాళ్ళ మీద కొరడా పడకూడదన్న మాట ఒక్కటే ఆమె చెవిలో మిగిలింది. కొరడా లేకపోతే పిల్ల అలిసినప్పుడు కూర్చోవచ్చు. కూర్చోగలిగితే బిడ్డ నిలుస్తుంది.

సోమవారం పొద్దున శంఖం ఊది వచ్చిన కోబినా మొహం అదోలా ఉంది. గోడ మీది కొరడా తియ్యబోయి ఆగిపోయాడు.

"ఏమైంది?"

"గుమాస్తా దొర చెప్పాడు. ఇవాళ కొరడా తేవద్దంట."

"ఎందుకంట?"

"చెప్పలేదు. తేవద్దు, అంతే అన్నాడు."

మింబా చెరకు కత్తి తీసుకుని బయటపడింది. దారిలో ముందు పోతున్న ఆడవాళ్ళని కలుసుకుంది. వారం నుంచీ కాలవ గట్టున ఆ మాట గుసగుసలాడుకుంటున్నవాళ్ళే అందరూ. కోబినా చేతులు చూడండి, అంది. వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పుట్టి బుద్ధెరిగాక కొరడా లేని మేస్త్రిని వాళ్ళెవరూ చూడలేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కోబినా వాటిని ఒకసారి నడుమున, ఒకసారి వెనక పెట్టుకుంటూ నడుస్తున్నాడు.

"నిజమేనంటావా మింబా?" అంది ఒకామె.

"నిజమే" అంది మింబా. "మా జూబా చెవులారా వింది."

ఆ రోజు చెరకు వరసలో పాట లేచింది. పాటలో రాజు లేడు, కొరడా లేదు, ఏదో పాత పడవ పాటే. కానీ పాడినవాళ్ళకి దాని అర్థం తెలుసు. ఎండ నడినెత్తికొచ్చాక రోసెట్టా పడవ దగ్గర మోపు దించి మళ్ళీ ఎత్తుకోలేదు. గట్టు మీద చెట్టు నీడలో కూర్చుంది. అటు కాలవలో నల్లగొడుగుల కింద ఇద్దరు తెల్ల దొరసానులు చిన్న పడవలో పోతున్నారు. వాళ్ళలో ఒకామె రోసెట్టాని చూసి చెయ్యి ఊపింది. రోసెట్టా కూడా ఊపింది.

గుమాస్తా కుర్రదొర పరిగెత్తుకొచ్చాడు. "లే" అన్నాడు.

"కడుపు రాయిలా అయింది దొరా. కాసేపాగి లేస్తా."

"లేవమన్నానా?"

"కొట్టద్దన్నాడంట గదా రాజు" అంది రోసెట్టా. అరవలేదు, ఎదిరించినట్టు కూడా అనలేదు. తెలిసిన సంగతి తెలియనివాడికి చెప్పినట్టు చెప్పింది.

కుర్రదొర మొహం తెల్లగా పాలిపోయింది. వెనక్కి తిరిగి దొర ఇంటి వైపు పోయాడు. వరసలో ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. మింబా కూతురి పక్కనున్న మోపు తను ఎత్తుకుని పడవలో వేసింది. ఇన్నేళ్ళలో ఏ మోపూ ఆమెకి అంత తేలిగ్గా అనిపించలేదు.

మంగళవారం పొద్దున దొరసానుల పడవ పట్నానికి తిరిగి పోయింది. అది మొదటి తూము దాటకముందే హార్లో దొర గుర్రం మీద పొలానికి వచ్చాడు. కొరడా తనే తెచ్చాడు. గుమాస్తా వెంట ఇద్దరు మనుషులు పారలతో వచ్చారు.

గుంట తవ్వమన్నాడు దొర. మోకాలి లోతున, వెడల్పుగా. తవ్వేవాళ్ళకి అదేమిటో వెంటనే తెలిసింది. కడుపుతో ఉన్నదాన్ని బోర్లా పడుకోబెట్టడానికి తవ్వే గుంట అది. కడుపు అందులో పడుతుంది, వీపు పైకి ఉంటుంది. కడుపులోది దొర ఆస్తి. దానికి దెబ్బ తగలకూడదు.

రోసెట్టాని పడుకోబెట్టి చేతులూ కాళ్ళూ నాలుగు గుంజలకి కట్టారు. చొక్కా నడుం దాకా లాగేశారు. దొర కొరడా తీసి కోబినా ముందు పడేశాడు.

"తియ్యి."

కోబినా తియ్యలేదు. చేతులు నడుం దగ్గర పెట్టుకుని నుంచున్నాడు.

"నువ్వు తియ్యకపోతే కుర్రాడు తీస్తాడు" అన్నాడు దొర గుమాస్తాని చూపించి. "వాడికి ఎక్కడ కొట్టాలో తెలీదు. నడుమూ డొక్కా చూడకుండా కొడతాడు."

కోబినా కొరడా తీశాడు. మింబాకి అతని మొహం కనిపించలేదు, వీపే కనిపించింది. మొదటి దెబ్బ తుపాకిలా మోగింది. రోసెట్టా గట్టిగా అరిచింది. ఆ అరుపు వినగానే మింబాకి కొంచెం ఊపిరి వచ్చింది. మోత అంత పెద్దగా ఉంటే నేల మీదే.

దొర గుర్రం దిగి దగ్గరికి వచ్చాడు. వంగి రోసెట్టా వీపు చూశాడు. తర్వాత పక్కన మట్టిలో పడ్డ గీత చూశాడు. దాని మీద బూటు కాలు పెట్టి తుడిపేశాడు.

"రక్తం రాందాన్ని దెబ్బ కింద లెక్కెయ్యను. మళ్ళీ మొదలుపెట్టు."

ఆ తర్వాత మోత వినిపించలేదు. మందపు దెబ్బలు, తడిబట్ట బండ మీద వేసినట్టు. మొదట చర్మం తెల్లగా లేచింది, తర్వాత విచ్చుకుంది. దెబ్బకి దెబ్బకి మధ్య దొర వంగి ఒకటే మాట అడుగుతున్నాడు.

"ఎవరు చెప్పారు నీకు రాజు సంగతి?"

"అందరూ అంటన్నారు."

"ఎవరు?"

"అందరూ."

ఇంకో దెబ్బ. "ఎవరు చెప్పారు?"

"రాజే చెప్పాడు" అంది రోసెట్టా. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పింది. చివర్లో అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. రాజే చెప్పాడు, రాజే చెప్పాడు, అని మట్టిలోకి. జూబా పేరు ఆ నోటి నుంచి రాలేదు.

మింబా వరసలో నుంచుని ఉంది. చేతిలో చెరకు కత్తి ఉంది. తన పక్కనామె చేతిలో ఉంది. ఆమె పక్కనామె చేతిలోనూ ఉంది. వరస చివరిదాకా అందరి చేతుల్లోనూ పొద్దునే నూరిన కత్తులున్నాయి. ఇటు తెల్లవాళ్ళు ఇద్దరు, గుర్రం ఒకటి. ఇన్నేళ్ళు ఈ వరసలో నుంచున్నా ఆమెకు ఈ సంగతి ఎప్పుడూ కనిపించలేదు. ఇప్పుడు కనిపించింది. కానీ కాళ్ళు కదల్లేదు. ఎవరి కాళ్ళూ కదల్లేదు.

దొర ఇక చాలన్నాక కోబినా కొరడా చుట్టి చంకలో పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ చేసిన పని అది. 

రోసెట్టాని రోగుల కొట్టంలో పడేశారు. బుధవారం మధ్యాహ్నం కడుపు పోయింది. మగబిడ్డ. యాబా ముసలమ్మ చేతులతోనే తీసింది. ఊపిరి తీసుకోలేదు. గుమాస్తా వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి పోయాడు. ముసలమ్మ ఆ పిండాన్ని పాత గుడ్డలో చుట్టి, డెలియాని పెట్టిన చోటే పెట్టింది.

గురువారం సాయంత్రం కూతుర్ని చాప మీద ఇంటికి మోసుకొచ్చారు. పొద్దు ఇంకా వాలలేదు. మింబా పిల్ల వీపు మీద పుళ్ళు ఆరేందుకు వేపిన జొన్నపిండి అద్దుతుంటే జూబా వచ్చింది. ఆమె మొహం చూస్తే మూడు రోజులు నిద్ర లేనట్టుంది.

"నన్ను గుమ్మం దాటనివ్వలేదక్కా. చుట్టాలొచ్చారని ఆదివారం సాయంత్రం నుంచీ ఇంట్లోనే ఉంచేశారు. వాళ్ళు పోయాక కూడా వదల్లేదు" అంది. అక్క పక్కన కూలబడింది. "సోమవారం కొరడా తేవద్దన్నది రాజు మాట విని కాదు. ఆ దొరసానులు కొత్తగా వచ్చారు. కొరడా చూస్తే కళ్ళు తిరుగుతాయంట. వాళ్ళు పోయేదాకా దాచమన్నాడు దొర."

 మింబా చెయ్యి కూతురి వీపు మీద ఆగిపోయింది. నిజమే అని దారిలో అందరికీ చెప్పింది తను. కోబినా చేతులు చూడమన్నది తను.

"మరి రాజు మాట అబద్ధమా?" అంది ముసలమ్మ.

"అబద్ధం కాదు పెద్దమ్మా. అది ఉంది. నిన్న కూడా దాని గురించే అరుచుకున్నారు. చుట్టుపక్కల తోటలవాళ్ళు కూడా విన్నారు. కట్ట పొడుగునా అందరూ అదే మాట. పని మానేసి కూర్చుంటారంట. కూర్చుంటే రాజు సిపాయిలు మన వైపు వస్తారంటన్నారు."

"ఎవరి వైపు వస్తారో ఎవరికి తెలుసు" అన్నాడు కోబినా.   "దొర చెప్పాడు. రేపు పొద్దున్నుంచీ పిల్లని పొలానికి పంపాలంట. కడుపు లేదు గదా, ఇంకేం అడ్డమన్నాడు."

రోసెట్టా కళ్ళు తెరిచి తండ్రి వైపు చూసింది. తండ్రి ఆమెను చూడలేకపోయాడు. "నడిచేలా ఉంటే నడుస్తది, లేకపోతే..." అని ఏదో చెప్పబోయి ఆపేశాడు.

"లేకపోతే?" అంది ముసలమ్మ.

"నేనే మోపు మోస్తా. పిల్ల నా వెనకాల నుంచుంటే చాలు. ఏదో ఒకటి చేస్తా. నా చెయ్యి ఉంటే..."

"నీ చెయ్యి చూశాంలే" అంది మింబా.

అతనితో ఇరవై ఏళ్ళలో ఆమె ఎప్పుడూ అనని మాట అది. గొంతు కోపంగా లేదు. పొయ్యిలో పుల్ల సర్దేటప్పుడు మాట్లాడే గొంతులాగే ఉంది. ఆమె గిన్నె కింద పెట్టి, చేతులు బట్టకి తుడుచుకుని, అందరి వైపూ తిరిగి కూర్చుంది.

"రేపు శంఖం మోగినప్పుడు రోసెట్టా లేవదు" అంది. "నేనూ లేవను."

"పిచ్చా నీకు?" అన్నాడు కోబినా. "పక్క తోటలవాళ్ళు సిద్ధమయ్యేదాకా ఆగు. నాలుగు తోటలూ ఒకేసారి కూర్చుంటే ఒక లెక్క. ఒక్కదానివే కూర్చుంటే..."

"వాళ్ళు కూర్చుంటారేమో, కూర్చోరేమో. రాజు సిపాయిలు వస్తారేమో, వచ్చి మనల్నే కాలుస్తారేమో. రాజు ఒద్దన్నాడని ఒకసారి నమ్మాను. ఈసారి రాజుతో నాకు పని లేదు. ఒద్దని నేనంటన్నా."

"దొర నన్నే పంపుతాడు మింబా. నిన్ను లాక్కురమ్మని నన్నే పంపుతాడు. ఆ గుంజలకి నా చేతే కట్టిస్తాడు."

"పంపుతాడు. తెలుసు."

"మరి నేనేం చెయ్యను?"

మింబా అతని వైపు తిరిగింది. ఆ మొహంలో ఒకప్పుడు తను పెళ్ళాడిన కుర్రాడు ఉన్నాడా అని వెతికినట్టు చూసింది. బయట ఎవరో నీళ్ళ కుండ దించిన చప్పుడైంది. జూబా అక్క మోకాలి మీద చెయ్యి వేసి తీసేసింది.

"అది నువ్వు చూసుకో" అంది మింబా. "రేపు పొద్దున ఇంట్లో ఉంటాను. ఈ పిల్ల పక్కనే కూర్చుని ఉంటాను. నువ్వొచ్చినా, ఆ కుర్రదొర వచ్చినా, ఇద్దరూ కలిసొచ్చినా ఇక్కడే ఉంటాను. చెప్పకుండా చేసిందని రేపు ఎవరూ అనుకోకూడదు. అందుకే అందరికీ చెప్తన్నా."

మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కుని కూతురి వీపు మీద పిండి అద్దడం మొదలుపెట్టింది.